పది అడుగుల గదిలో రైలుబండి

నేలమీద సుద్దముక్కతో గీసిన ఒక వృత్తం ఎన్నో బొమ్మరైళ్ళ జాతకాన్ని నిర్ణయిస్తుంది. కాని దానిని గీసి చూచేవారు అరుదు. సాధారణంగా జరిగే కథ వేరు. చిన్ననాడు రైల్వేస్టేషను చెంత పెరిగిన గృహస్థు ఒకడు, నడివయస్సు వచ్చి కాస్త తీరిక, కాస్త డబ్బు చేతికందిన తరువాత, అంగడి అద్దాల వెనుక మెరుస్తున్న ఒక ఇంజనును చూచి మనసు పడతాడు. దానినీ, దానితోపాటు నాలుగు పెట్టెలనూ, కొన్ని పట్టాలనూ కొని ఇంటికి తెస్తాడు. బల్లమీద పరచి చూస్తే రైలు వంపు తిరగవలసిన చోట బల్ల అయిపోతుంది. మంచం జరపాలి, మంచం జరిపితే బీరువా తలుపు తెరుచుకోదు. వారం రోజులు నేలమీద పరుగెత్తిన రైలు ఎనిమిదవనాటికి అట్టపెట్టెలోకి, ఆ అట్టపెట్టె అటకమీదికి చేరుకుంటాయి.

ఇంజనులో లోపమేమీ లేదు. కొనడానికి ముందు వేసుకోవలసిన లెక్క వేసుకోలేదు, అంతే. నమూనా రైలుమార్గం నిర్మించదలచినవారు మొట్టమొదట నిశ్చయించుకోవలసినది దాని స్కేలు. ఒకసారి పట్టాలు, పెట్టెలు, పాయింట్లు కొన్న తరువాత స్కేలు మార్చడమంటే అన్నింటినీ అమ్మివేసి మళ్ళీ మొదలుపెట్టడమే. చోటు విశాలంగా ఉన్నవారు పొరపాటు చేసినా సర్దుకోగలరు. చోటు తక్కువగా ఉన్నవారికి ఆ అవకాశం లేదు.

అక్షరాల వెనుక అంకెలు

ఈ అభిరుచిలో కొత్తగా అడుగుపెట్టినవారిని మొదట తికమకపెట్టేవి స్కేలు, గేజి అనే రెండు మాటలు. అసలు రైలును ఎన్నోవంతుకు తగ్గించారో తెలిపే నిష్పత్తి స్కేలు. రెండు పట్టాల లోపలి అంచుల మధ్య ఉన్న దూరం గేజి. ఈ రెండింటికీ సంబంధం ఉన్నది గాని రెండూ ఒకటి కావు.

1891లో జర్మనీలోని లీప్‌జిగ్ సంతలో మార్క్‌లిన్ సంస్థ తన బొమ్మరైళ్ళను ప్రదర్శిస్తూ, గేజులకు వరుస సంఖ్యలు ఇచ్చింది. వాటిలో చిన్నది ఒకటవ నంబరు. తరువాత అంతకన్న చిన్న గేజి వచ్చినపుడు దానికి సున్న అని పేరు పెట్టవలసి వచ్చింది. దాని పట్టాల మధ్య దూరం 32 మిల్లీమీటర్లు. ఆ సున్నలో సగం అనే అర్థంలో పుట్టినది నేడు ప్రపంచంలో అత్యధికంగా వాడుకలో ఉన్న హెచ్.ఓ. అసలు రైలులో 87వ వంతు, గేజి 16.5 మిల్లీమీటర్లు. బ్రిటనులో ఇదే పట్టాలమీద 76వ వంతు బండ్లు నడుస్తాయి. దానిని డబుల్ ఓ అంటారు. బ్రిటిష్ ఇంజన్లు ఐరోపా ఖండంలోని ఇంజన్లకన్న సన్నవి కావడంచేత, ఆనాటి మోటార్లు 87వ వంతు ఇంజను పొట్టలో పట్టేవి కావు. మోటారుకోసం ఇంజనును పెద్దది చేశారు. పట్టాలను మాత్రం అట్లే ఉంచారు.

హెచ్.ఓ. కన్న చిన్నది టి.టి. ఇది 120వ వంతు, గేజి 12 మిల్లీమీటర్లు. 1945లో అమెరికాలో మొదలైన ఈ స్కేలు తరువాత తూర్పు ఐరోపాలో బాగా వ్యాపించింది. ‘టేబుల్ టాప్’ అనే మాటలే దాని పేరు. ఇంకా చిన్నది ఎన్. 160వ వంతు, గేజి 9 మిల్లీమీటర్లు. తొమ్మిదిని తెలిపే మాట పలు ఐరోపా భాషలలో ఎన్ అక్షరంతో మొదలవుతుంది. అందుచేత ఆ పేరు. 1972లో మార్క్‌లిన్ సంస్థ 220వ వంతు రైలును, 6.5 మిల్లీమీటర్ల పట్టాలను తయారుచేసి, ఇంతకన్న చిన్నది ఇక రాదన్న ధీమాతో అక్షరమాలలోని చివరి అక్షరం జెడ్‌ను దానికి పెట్టింది. ఆ ధీమా నిలువలేదు. 450వ వంతుకు కుదించిన రైళ్ళు ఆ తరువాత జపానులో వెలువడ్డాయి.

గది చెప్పే లెక్క

పదడుగుల గది ఉన్నదనుకుందాం. గోడ పొడవునా పట్టాలు వేస్తే మూడు మీటర్లు వస్తాయి. రైలుకు మూడు మీటర్లు చాలవా అని అనిపిస్తుంది. పొడవు చాలుతుంది. చాలనిది మలుపు.

మన దేశంలోని బ్రాడ్‌గేజి మార్గాలలో అనుమతించే అతి గట్టి వంపుకు వ్యాసార్ధం 175 మీటర్లు. దీనిని హెచ్.ఓ. లోకి తగ్గిస్తే రెండు మీటర్లు. అనగా రైలు ఒక పూర్తి చుట్టు తిరగడానికి నాలుగు మీటర్ల వెడల్పు, సుమారు 13 అడుగులు కావాలి. పదడుగుల గదిలో అది అసాధ్యం. ఎన్ స్కేలులో సైతం ఏడడుగులు దాటుతుంది. కనుక ఇండ్లలో నడిచే బొమ్మరైళ్ళన్నీ అసలు రైలు ఎన్నడూ తిరగలేని మలుపులే తిరుగుతాయి. ప్రశ్న ఏమిటంటే, ఎంతవరకు రాజీపడితే కంటికి ఎబ్బెట్టుగా ఉండదు?

దీనికి అనుభవజ్ఞులు పాటించే సూత్రం ఒకటున్నది. మార్గంలో నడిచే పెట్టెలలో అన్నిటికన్న పొడవైనదానిని కొలవాలి. వంపు వ్యాసార్ధం ఆ పొడవుకు రెండు రెట్లయితే రైలు అతికష్టంమీద తిరుగుతుంది. మూడు రెట్లయితే నమ్మకంగా నడుస్తుంది. నాలుగైదు రెట్లయితే చూడడానికి అందంగా ఉంటుంది.

మద్రాసు పెరంబూరులోని కర్మాగారం 1955 నుండి 2018 వరకు తయారుచేసిన ఐ.సి.ఎఫ్. రకపు ప్రయాణికుల పెట్టెను తీసుకుందాం. బఫర్లతో కలిపి దాని పొడవు సుమారు 22.3 మీటర్లు. హెచ్.ఓ.లో ఇది 256 మిల్లీమీటర్లు అవుతుంది, టి.టి.లో 186, ఎన్‌లో 139, జెడ్‌లో 101. మూడు రెట్ల సూత్రాన్ని వర్తింపజేసి, అంచులలో కొద్దిపాటి చోటు వదిలితే, పూర్తి చుట్టుకు కావలసిన బల్ల వెడల్పు హెచ్.ఓ.కు అయిదున్నర అడుగులు, టి.టి.కి నాలుగడుగులు, ఎన్‌కు మూడడుగులు, జెడ్‌కు రెండడుగులకు కాస్త పైన. అంగట్లో దొరికే ప్లైవుడ్ పలక ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. పొడవైన పెట్టెలతో హెచ్.ఓ. చుట్టుమార్గం దానిమీద సుఖంగా ఇమడదు. ఇపుడు తయారవుతున్న ఎల్.హెచ్.బి. పెట్టెలు ఐ.సి.ఎఫ్. కన్న పొడవైనవి, వాటికి చోటు మరింత కావాలి.

అయితే అంగడిలో హెచ్.ఓ. సెట్లు 36 సెంటీమీటర్ల వ్యాసార్ధపు పట్టాలతోనే వస్తున్నాయి కదా అని సందేహం కలుగుతుంది. నిజమే. ఆ సెట్లలోని బండ్లు సాధారణంగా పొట్టివి. కొన్ని సంస్థలు ఈ ఇబ్బంది ఎరిగియే పొడవైన పెట్టెలను కావాలని కురచచేసి అమ్ముతూ వచ్చాయి. ఆ పట్టాలమీద పూర్తి పొడవు గల పెట్టెలను నడిపితే, రెండు పెట్టెల మూలలు వంపులో ఒకదానినుంచి మరొకటి ఎడంగా జరిగి, రైలు విరిగిన సంకెలవలె కనిపిస్తుంది.

మలుపు తరువాత చూడవలసినది రైలు పొడవు. ఒక డీజిల్ ఇంజను, ఎనిమిది పెట్టెలు గల బండి హెచ్.ఓ.లో రెండుంబావు మీటర్లు ఆక్రమిస్తుంది. పదడుగుల గోడలో అది చాలా భాగాన్ని కప్పివేస్తుంది. బయలుదేరిన స్టేషనును తోక వదలకమునుపే తల రెండవ స్టేషనుకు చేరుతుంది. అదే బండి ఎన్ స్కేలులో 1.2 మీటర్లు. దానికి బయలుదేరడానికి ఒక చోటు, పోవడానికి ఒక దూరం, చేరడానికి మరొక చోటు మిగులుతాయి.

జపాను ఈ లెక్కను అందరికంటె ముందుగా గ్రహించినదనవచ్చు. అక్కడ 1965లో కాటో సంస్థ తొలి ఎన్ స్కేలు ఇంజనును వెలువరించింది. నగరాలలోని ఇరుకైన ఇండ్లకు ఆ కొలత అతికినట్లు సరిపోయింది. నేటికీ జపాను అభిరుచిపరులలో అత్యధికులు ఎన్‌వారే. ఆటముగిశాక పట్టాలు విప్పి పెట్టెలో సర్దేసి, అదే చోట పడక పరుచుకోవడానికి వీలైన రైలుమార్గం అది.

చిన్నదానికీ ఒక ధర ఉన్నది

ఇంతవరకు చదివినవారు, చోటు చిన్నదైతే స్కేలు కూడా చిన్నదే కావాలన్న నిర్ణయానికి రావచ్చు. అక్కడే చాలామంది రెండవసారి పొరబడతారు.

హెచ్.ఓ. నుండి ఎన్‌కు దిగినపుడు పొడవు సుమారు సగానికి తగ్గుతుంది. ఘనపరిమాణం మాత్రం ఆరవవంతుకు పడిపోతుంది. ఇంజను బరువు కూడా ఆ ప్రకారమే తగ్గుతుంది. చక్రాలు పట్టాలనుండి విద్యుత్తును గ్రహించాలంటే రెండూ గట్టిగా తాకాలి. తేలిక ఇంజనుకు ఆ పట్టు తక్కువ. పట్టాలమీద పేరుకున్న సన్నని దుమ్ముపొర హెచ్.ఓ. ఇంజనును కాస్త కుదిపితే, ఎన్ ఇంజనును నిలిపివేస్తుంది. జెడ్ ఇంజనును కదలనే కదలనీయదు. కిటికీలు తెరిచి బ్రతికే మన ఇండ్లలో ఇది చిన్న విషయం కాదు. చిన్న స్కేలును ఎన్నుకున్నవారు ప్రతిసారీ రైలు నడపబోయే ముందు మెత్తని గుడ్డతో పట్టాలు తుడవడానికి, ఆట చాలించిన తరువాత మూత కప్పడానికి సిద్ధపడాలి.

రెండవది కన్ను, వేళ్ళు. ఎన్ స్కేలులో పెట్టెను పట్టాలమీద నిలపడమంటే తొమ్మిది మిల్లీమీటర్ల ఎడంలో సన్నని చక్రపు అంచులను సరిగా దింపడం. ఇరవయ్యేండ్ల కుర్రవానికి అది ఒక ఆట. నలభై దాటి చత్వారం వచ్చినవారికి అద్దాలు, మంచి దీపం, ఓపిక మూడూ కావాలి. పెట్టెలను ఒక్కొక్కటిగా విడదీసి కలపడంలో ఆనందం పొందేవారికి ఆ చిన్న కొక్కేలు విసుగు పుట్టిస్తాయి. ఇంట్లో ఆరేడేండ్ల పిల్లలున్నచో వారి చేతికి జెడ్ స్కేలు ఇంజను ఇవ్వడం ఇంజనుకూ క్షేమం కాదు, పిల్లల ముచ్చటకూ క్షేమం కాదు.

రైలు ఏమి చేయాలి?

కనుక గజంబద్ద చేతపట్టుకోవడానికి ముందు తేల్చుకోవలసిన ప్రశ్న మరొకటున్నది. ఆ గృహస్థు రైలును తలచుకొన్నపుడు అతని మనసులో ఏ దృశ్యం మెదులుతుంది? పొలాల నడుమ పొడవాటి బండి సాగిపోవడమా? గూడ్సుషెడ్డులో ఇంజను వాగన్లను ముందుకు వెనుకకు లాగి, ఒక్కొక్కదానిని దాని చోట నిలపడమా? లేక కొండ ఎక్కుతూ మెలికలు తిరిగే చిన్నబండి యా? చోటు ఒక్కటే అయినా, ఈ మూడింటికీ సమాధానాలు మూడు.

మొదటిది కోరేవారికి ఎన్ స్కేలు తగినది. మూడడుగుల వెడల్పు, ఆరేడడుగుల పొడవు గల బల్లమీద రెండు చుట్లు, ఒక స్టేషను, వెనుకగా ఒక గుట్ట, గుట్టలో సొరంగం ఇముడుతాయి. రైలు కనుమరుగై మళ్ళీ కనబడుతుంటే చూడడానికి కావలసిన దూరం దొరుకుతుంది. ఇంకొంచెం పెద్దబండి కావాలని, నాలుగడుగుల వెడల్పు ఉన్నదని అనుకునేవారు టి.టి.ని కూడా పరిశీలించవచ్చు. 2022లో ఒక ప్రసిద్ధ బ్రిటిష్ సంస్థ 120వ వంతు రైళ్ళను ప్రవేశపెట్టిన తరువాత ఆ స్కేలుకు కొత్త ఊపిరి వచ్చింది.

రెండవది కోరేవారికి చుట్టు అక్కరలేదు. చుట్టు లేకపోతే వంపు సమస్యే లేదు. ఇంగ్లండులో ఆలన్ రైట్ అనే అభిరుచిపరుడు రూపొందించిన ‘ఇంగిల్‌నుక్ సైడింగ్స్’ అన్న చిన్న పథకం ఇందుకు ప్రఖ్యాతి పొందిన ఉదాహరణ. రెండు పాయింట్లు, మూడు సైడింగులు. ఒకదానిలో అయిదు వాగన్లు, తక్కిన రెండింటిలో మూడేసి పడతాయి. మొత్తం ఎనిమిది వాగన్లలో అయిదింటిని చీటీలు వేసి ఎంచి, చీటీలు వచ్చిన వరుసలోనే బండిగా కూర్చాలి. అట్టి వరుసలు 6,720 సాధ్యం. చిన్న నాలుగుచక్రాల వాగన్లతో ఇది హెచ్.ఓ.లోనే సుమారు నాలుగున్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు గల పలకమీద ఇముడుతుంది. పుస్తకాల అలమరపైన పట్టేంత చోటు! ఇక్కడ ఎన్‌ను ఎంచుకుంటే మరో రెండడుగులు మిగులుతాయి గాని, వాగన్లను తగిలించి విడదీయడంలోని సుఖం పోతుంది. చోటు చిన్నదైనపుడు పెద్ద స్కేలే మేలనిపించే సందర్భం ఇది.

అమెరికాలోని మాంటరీ నగరవాసి జాన్ ఆలెన్ పేరు ఈ రంగంలో తెలియనివారుండరు. కొండలు, లోయలు, వంతెనలతో గదులంతటా విస్తరించిన ఆయన హెచ్.ఓ. మార్గం 1973లో ఆయన మరణించిన కొద్దిరోజులకే అగ్నికి ఆహుతి అయింది. ఆయన తొలుత నిర్మించిన లేఅవుట్ కొలత ఎంత? మూడడుగుల ఏడంగుళాల వెడల్పు, ఆరడుగుల ఎనిమిదంగుళాల పొడవు. అందులో పొట్టి ఇంజన్లు, పొట్టి బండ్లు నడిపి ఆయన హెచ్.ఓ.ను ఇమిడ్చాడు. తరువాత ఆ చిన్న బల్లనే తీసుకొనిపోయి పెద్ద మార్గంలో ఒక భాగంగా కలుపుకున్నాడు.

మూడవది కోరేవారికి మన కొండరైళ్ళు దారి చూపుతాయి. 1903లో ప్రారంభమైన కాల్కా-సిమ్లా మార్గం గేజి 762 మిల్లీమీటర్లు. దానిని 87వ వంతు చేస్తే 8.8 మిల్లీమీటర్లు, అనగా అంగట్లో దొరికే తొమ్మిది మిల్లీమీటర్ల ఎన్ పట్టాలకు దాదాపు సమానం. ఆ మార్గంలోని అతి గట్టి వంపు వ్యాసార్ధం 37.5 మీటర్లు, 87వ వంతులో 43 సెంటీమీటర్లు. మూడడుగుల పలకమీద, ఏ రాజీ లేకుండా, అసలు మార్గం తిరిగిన వంపునే తిప్పవచ్చును! డార్జిలింగు మార్గంలోని వంపులు ఇంకా గట్టివి. అన్నిటికన్న గట్టిదాని వ్యాసార్ధం సుమారు 18 మీటర్లే. చోటుకోసం కొండవాలులో మెలికలు తిరిగిన ఇంజనీర్ల ఇబ్బంది, గదిలో చోటుకోసం తడుముకునేవాని ఇబ్బంది ఒకే జాతివి. అందుకే ఆ రైళ్ళు చిన్న గదులలో సహజంగా ఒదుగుతాయి. మనుషులు, చెట్లు, స్టేషను భవనాలు మాత్రం హెచ్.ఓ. కొలతలోనే కంటికి నిండుగా ఉంటాయి.

మన రైలుకు ఒక చిక్కు

భారతీయ బ్రాడ్‌గేజిని యథాతథంగా చూపదలచినవారికి ఒక చిక్కున్నది. ప్రపంచంలో అమ్ముడయ్యే హెచ్.ఓ., ఎన్ పట్టాలు 1435 మిల్లీమీటర్ల విదేశీ ప్రామాణిక గేజికి తయారైనవి. మనది 1676. దానిని 87వ వంతు చేస్తే 19.3 మిల్లీమీటర్లు కావాలి. దొరికే పట్టాలు 16.5. కనుక మన ఇంజను కొంచెం ఇరుకు పట్టాలమీద నిలుచున్నట్లు కనిపిస్తుంది. జపానువారి చిక్కు దీనికి తలక్రిందులు. వారి సాధారణ రైళ్ళ గేజి 1067 కావడంచేత, తొమ్మిది మిల్లీమీటర్ల పట్టాలు వారికి మరీ వెడల్పు.

ఇందులో ఒక చమత్కారం దాగి ఉన్నది. మన బ్రాడ్‌గేజి సరిగా అయిదడుగుల ఆరంగుళాలు. అడుగుకు మూడు మిల్లీమీటర్ల చొప్పున లెక్కిస్తే ఖచ్చితంగా 16.5 మిల్లీమీటర్లు వస్తుంది. అనగా 101.6వ వంతు కొలతలో పెట్టెలను నిర్మించుకుంటే, మామూలు హెచ్.ఓ. పట్టాలే మన బ్రాడ్‌గేజికి సరిగ్గా సరిపోతాయి. పెట్టె పొడవు కూడా 256 నుండి 219 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. అయితే పెట్టెల పైభాగాలను అట్టతోనో, ప్లాస్టిక్ రేకుతోనో, నేటి త్రీ-డి ముద్రణ యంత్రంతోనో స్వయంగా చేసుకోవాలి. చేతిపని ఇష్టపడేవారికి ఇది వరం. కొన్న సాయంత్రమే రైలు నడవాలనుకునేవారు మాత్రం ఆ మూడు మిల్లీమీటర్ల లోటును చూచీ చూడనట్లు ఊరుకోవడమే మంచిది. చాలామంది చేస్తున్నదీ అదే.

సుద్దముక్క, దారం

చివరకు ఆచరణ. ఏదీ కొనడానికి ముందు గదిలో రైలుకు నిజంగా దొరికే చోటును కొలవాలి. తలుపు తెరుచుకునే మేర, కిటికీ రెక్కలు, చీపురు తిరిగే దారి విడిచిపెట్టాలి. ఒకవైపునుండి మాత్రమే అందే బల్ల రెండున్నర అడుగులకు మించి వెడల్పు ఉండరాదు. అవతలి అంచున పడిపోయిన పెట్టెను చేయి చాపి తీయలేకపోతే, ఆ భాగం త్వరలోనే బూజు పట్టిపోతుంది.

తరువాత, నచ్చిన రైలులోని పొడవైన పెట్టెను ఎంచుకొని, ఆ స్కేలులో దాని కొలతకు మూడు రెట్లు దారం తీసుకొని, ఒక కొన నేలమీద నొక్కిపట్టి, మరో కొనకు సుద్దముక్క కట్టి వృత్తం గీయాలి. పెట్టె కొలతకు అట్టముక్కలు కత్తిరించి దానిమీద పేర్చాలి. రెండు మూడు రోజులు దానిని అట్లే ఉంచి ఇంటిల్లిపాదీ చుట్టూ తిరగాలి. ఇంటి ఇల్లాలు ఆ గీతను దాటుకుంటూ ఎన్నిసార్లు నిట్టూర్చినదో లెక్కించడం కూడా అవసరమే. ఆ ఇంట్లో రైలు పదేండ్లు నడవాలంటే అది తేలవలసిన లెక్కలలో మొదటిది.

వృత్తం పెద్దదైతే తుడిచివేసి మరొక స్కేలుకు మళ్ళీ గీయవచ్చు, లేదా చుట్టు మానుకొని గోడవెంట అడుగు వెడల్పు పలక వేసుకోవచ్చు. అపుడు చెరిగేది సుద్దగీత మాత్రమే. కొన్న తరువాత తెలిసివస్తే అటక ఎక్కేది ఇంజను, దానితోపాటు చిన్ననాటినుండి దాచుకున్న ఒక కోరిక.